బృందంలో అక్క గొంతు

జూన్ 3, మంగళవారం

ఆరు వందల పన్నెండు మంది దివంగతుల పుట్టిన తేదీలు నాకు కంఠస్థం. అక్క పుట్టిన తేదీని మాత్రం ఆసుపత్రి కాగితంలో చూసి వ్రాసుకున్నాను.

పోయి నేటికి తొమ్మిది రోజులు. ఎనభై ఆరేళ్ళు. నాకంటె ఏడేళ్ళు పెద్ద. సినిమా పాటల్లో కోరస్ పాడేది. ఇరవై నాలుగేళ్ళు పాడింది. ఈ వాక్యాన్ని నా చేతితో వ్రాయడం ఇదే మొదటిసారి. బడిలో ఎవరైనా అడిగితే మా అక్క కుట్టుపని నేర్పుతుందని చెప్పేవాణ్ణి.

ముప్ఫై మూడేళ్ళు వ్యాకరణం బోధించి, రిటైరైన తరువాత, గతించిన సినీ, సంగీత కళాకారుల కోశాన్ని సంకలనం చేస్తున్నాను. మూడు ముద్రణలు వచ్చాయి. నాలుగవది ఈ నెల ఇరవయ్యో తేదీన అచ్చుకు వెళుతుంది. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ చిత్రం తీశారు, ఏ పాటకు బాణీ కట్టారు, ఎప్పుడు పోయారు; సందేహం వస్తే పత్రికలవాళ్ళు నాకే ఫోను చేస్తారు. ఇంతవరకు నా కోశంలో తప్పు పట్టినవాడు లేడు.

ఉదయం అక్క పేరు చేర్చడానికి కూర్చున్నాను. కలం కదలలేదు. అడ్డం వచ్చింది మరెవరో కాదు, నేనే. పీఠికలో ఏడవ నియమం నా వాక్యమే: టైటిల్ కార్డు మీదగాని, రికార్డు లేబుల్ మీదగాని, పాటల పుస్తకంలోగాని పేరు అచ్చయినవారికే ఈ కోశంలో స్థానం.

కోరస్ వాళ్ళ పేర్లు ఎక్కడా వేయరు. గానం అని ఇద్దరు ముగ్గురి పేర్లు వేసి, చివర 'బృందం' అని ఒక్క మాట వేస్తారు. ఆ ఒక్క మాటలో ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఆరుగురు మగవాళ్ళు నిలబడి ఉంటారు. వారిలో ఒకతె అక్క.

జూన్ 4, బుధవారం

ప్రచురణకర్తకు ఫోను చేశాను. నా పాత శిష్యుడే. సంగతంతా విని నవ్వాడు. ఇంతోటి దానికి ఫోనెందుకు మాస్టారూ, పుస్తకం మీది, అక్క మీది, వేసేయండి, అడిగేవాడెవడు అన్నాడు. నియమం ఉన్నదని గుర్తు చేశాను. ఆ నియమం మాత్రం ఎవరిది సార్, పార్లమెంటు చేసిందా అన్నాడు. చదువుకునే రోజుల్లోనూ వీడి నోరు ఇంతే.

అడిగేవాడెవడు! అడిగినవాళ్ళ ఫైలు నా బీరువాలో ఉన్నది. నలభై మూడు మంది. వారిలో ఒక అకార్డియన్ వాద్యకారుడి భార్య రెండుసార్లు ఇంటికి వచ్చింది. రెండవసారి ఆయన ఫోటో కూడా తెచ్చింది. నలభై మూడు మందికీ ఒకే జవాబు పంపాను: "మీవారి పేరు ఎక్కడా అచ్చు కాలేదు, కనుక చేర్చడానికి వీలుపడదు, చింతిస్తున్నాను." ఆ వాక్యాన్ని ఎంత ముచ్చటపడి కట్టానో నాకు గుర్తున్నది. ఇప్పుడు అక్కను దొడ్డిదారిన చేర్చి, ఆ నలభై మూడు మంది ముఖాలు ఎలా చూడను?

మధ్యాహ్నమంతా ఆలోచించాను. నియమం ఉద్దేశం ఆధారం. పేరు అచ్చుకాకపోవచ్చు; గొంతు రికార్డయింది కదా. ఈ పాటలో ఈ గొంతు మా అక్కదే అని ఒక్కచోట, ఒకే ఒక్కచోట, వేలు పెట్టి చూపగలిగితే చాలు. అప్పుడు నియమాన్ని న్యాయంగా సవరించవచ్చు: అచ్చయిన పేరుగాని, గుర్తింపదగిన గొంతుగాని. ఎవరికీ తల వంచనక్కరలేదు.

అక్క పేరు హకారంతో మొదలవుతుంది. ఆఖరి ఫారంలో, అంటే చివరి పదహారు పుటల్లో, పడుతుంది. ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం దాకా దాన్నీ, పీఠికనూ ఆపుతానన్నాడు ప్రచురణకర్త. పదహారు రోజులు.

జూన్ 5, గురువారం

అక్క గది తాళం తీశాను. మంచం, కుర్చీ, స్టవ్వు, కిటికీకి బట్టలు ఆరేసే రెండు తాళ్ళు. నెలకొకసారి వచ్చి ఈ కుర్చీలోనే పావుగంట కూర్చుని, బీపీ మాత్ర వేసుకుంటున్నావా అని అడిగి వెళ్ళేవాణ్ణి. పాటల మాట నేను ఎత్తలేదు. తానూ ఎత్తలేదు.

దిండు కింద ఒక నోటుపుస్తకం దొరికింది. పాడిన ప్రతి పాట మొదటి పంక్తి, తేదీ, స్టూడియో. రెండు వందల పధ్నాలుగు పాటలు. గుండ్రటి దస్తూరి. ఒత్తులు ఎక్కడపడితే అక్కడ ఎగిరిపోయాయి. చదువుతూ పోయాను. మూడు తప్పులు దిద్దిన తరువాతగాని నా చేతిలో ఎర్ర కలం ఉన్నదని నాకు తెలియలేదు.

చెరపడానికి ప్రయత్నించాను. కాగితం చిరిగింది.

జూన్ 7, శనివారం

నిన్న, ఈ రోజు కలిపి ముప్ఫై ఒక్క పాటలు విన్నాను. పాతవన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి. చెవుల్లో హెడ్‌ఫోన్లు, ముందు నోటుపుస్తకం, ప్రక్కన గళ్ళు గీసిన కాగితం. గాయకుడు వస్తాడు, గాయని వస్తుంది, తరువాత ఆ, ఓ అంటూ వాళ్ళు వస్తారు. ఎనిమిది మంది కలిసి ఒకే గొంతు. చెంబులో నీళ్ళు బిందెలో పోసిన తరువాత ఆ చెంబెడు నీళ్ళు ఏవని వెతుకుతున్నట్లు ఉన్నది నా పని.

అసలు చిక్కు వేరే ఉన్నది. ఏ గొంతు కోసం వెతకాలి? అక్క మాటలు నాకు తెలుసు. తిన్నావా, గొడుగు తీసుకెళ్ళు, ఆ చొక్కా విప్పు బొత్తాం కుడతాను. పాట తెలియదు. నా ముందు ఒక్కసారైనా కూనిరాగం తీసిన జ్ఞాపకం లేదు.

ఈ మాటే నా భార్యతో అన్నాను. ఆవిడ కూరగాయల కత్తి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. మీ ముందు తీయలేదేమో, నా ముందు ఎందుకు తీయలేదు, వదిన మనింటికి వస్తే వంటింట్లో పాడని రోజు లేదు అన్నది. మరి నేను ఎందుకు వినలేదని అడిగాను. గేటు దగ్గర మీ సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినపడగానే నోరు కుట్టేసినట్టు ఆపేసేది, ఎందుకు వదినా అంటే వాడికి ఇష్టం ఉండదే అనేది అన్నది. అంతటితో ఊరుకోలేదు. బతికుండగా ఒక్క పాట వినరు, ఇప్పుడు చెవుల్లో గుచ్చుకుని కూర్చున్నారు అన్నది.

ఆవిడకు హెడ్‌ఫోన్లు పెట్టాను. నాలుగు పాటలు కళ్ళు మూసుకుని విన్నది. ఒక్కతే పాడితే పోల్చుకుంటాను, ఈ గుంపులో నావల్ల కాదు అని తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళు తుడుచుకున్నది. నేను కాగితంలో నాలుగు గళ్ళు కొట్టివేశాను.

జూన్ 8, ఆదివారం

నలభై ఏడు పాటలు. లేదు.

జూన్ 9, సోమవారం. సాయంత్రం అయిదు గంటలు

దొరికింది.

యాభై రెండవ పాట. రెండవ చరణానికి ముందు, అందరి గొంతుల మీదుగా ఒక గొంతు పైకి లేచింది. సన్నగా, వెండి తీగ లాగ. రెండవసారి విన్నాను. ఎనిమిదవసారి విన్నాను. సందేహం లేదు. మా అమ్మ గొంతులోని జీర ఇందులో ఉన్నది. ఇంకెవరిది అవుతుంది? రక్తానికి చెవులు ఉంటాయి.

ఏడవ నియమం సవరణ వ్రాశాను. అక్క పేరు క్రింద వేయవలసిన వివరం ఎనిమిది పంక్తుల్లో వ్రాశాను. భార్యకు చదివి వినిపించాను. బాగుంది, అయితే ఒకసారి తెలిసినవాళ్ళను అడగండి అన్నది. ఆవిడకు నా మాట మీద ఎప్పుడూ నమ్మకం లేదు.

అక్క నోటుపుస్తకం వెనుక అట్ట మీద ఒకే ఒక్క ఫోను నెంబరు ఉన్నది. 'ఎడమ మైకు' అని వ్రాసి ఉన్నది. చేశాను. ఆడగొంతు. అక్కతో కలిసి పాడినావిడ. రేపు రమ్మన్నది.

జూన్ 10, మంగళవారం

ఎడమ మైకావిడకు ఎనభై రెండేళ్ళు. రెండంతస్తుల పైన, కూతురి ఇంట్లో, బట్టలు ఆరేసే వరండాలో ఉంటుంది. కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నది. నన్ను చూసి, ఓహో, మీరేనా మా ఉప్పు తమ్ముడు, రండి మాస్టారూ కూర్చోండి అన్నది. అక్కను అక్కడ ఉప్పు అని పిలిచేవారట. అంతా కలిసిపోతుంది, ఎక్కడుందో తెలియదు, రాని రోజు మాత్రం పాట చప్పగా ఉండేది అన్నది.

ఫోనులో పాట పెట్టాను. వెండి తీగ లేచినచోట వేలు ఎత్తి చూపాను. ఇదే మా అక్క గొంతు అన్నాను.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. అయ్యో మాస్టారూ, అది నేను, ఆ రోజు నన్ను ఎంత తిట్టారో ఇప్పటికీ చెవుల్లో ఉంది అన్నది.

తరువాత వివరంగా చెప్పింది. రెండు మైకుల చుట్టూ నెలవంక ఆకారంలో నిలబడేవారట. ఎవరి గొంతు పైకి తేలితే వారిని ఒక అడుగు వెనక్కి జరిపేవారట. ఈవిడ గొంతు ఎంత జరిపినా తేలుతూనే ఉండేదట. చివరికి ఎడమ మైకుకు ఆ చివర, తలుపు గొళ్ళెం వీపుకు గుచ్చుకునేచోట నిలబెట్టారట. పేరు అలా వచ్చింది. అక్క మాత్రం మైకుకు ఎదురుగా, మూరెడు దూరంలో. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క అడుగు వెనక్కి జరపలేదట. కొత్తగా వచ్చినవాళ్ళను అక్క ప్రక్కన నిలబెట్టి, ఈమెలో కలిసిపోండి అనేవారట.

కోరస్‌లో వినపడటమే తప్పు నాయనా, వినపడితే ఇంటికి పంపేస్తారు, మీ అక్క వినపడలేదు, అంత మొనగత్తె, నువ్వేమో వినపడలేదని ఏడుస్తున్నావు అన్నది. మాస్టారూ నుంచి నాయనాకు ఎప్పుడు దిగిందో గమనించలేదు.

మెట్లు దిగుతూ నా సవరణను మనస్సులో చదువుకున్నాను. గుర్తింపదగిన గొంతు. ఆ నియమం ప్రకారం చేయి తిరగనివారందరికీ కోశంలో చోటు ఉన్నది, అక్కకు లేదు. రక్తానికి చెవులు ఉంటాయని వ్రాసింది ఎవరు? నిన్నటి పుట చింపుదామనుకున్నాను. చింపలేదు. ఉండనీ.

జూన్ 11, బుధవారం

ఏమీ వినలేదు. ఏమీ తినలేదు. ప్రూఫులు వచ్చాయి, కట్ట విప్పలేదు.

జూన్ 12, గురువారం

భార్య కట్ట విప్పి నా ముందు పెట్టింది. మిగిలిన ఆరు వందల పన్నెండు మంది ఏం పాపం చేశారు అన్నది. దిద్దుతూ కూర్చున్నాను. ఒక దర్శకుడి మరణ తేదీ ఒక రోజు అటు పడింది, పట్టుకున్నాను. ఆ సంతోషం నిముషం కూడా నిలవలేదు.

ఎప్పటికైనా చెప్పవలసిందే అనిపించి భార్యతో ఒక సంగతి చెప్పాను. యాభై ఒక్క ఏళ్ళ కిందట, మా పెళ్ళికి పది రోజుల ముందు, అక్కకు ఇన్లాండు లెటరు వ్రాశాను. పెళ్ళికి తప్పక రావలసినది. ఆడపెళ్ళివారు ఎవరైనా అడిగితే దూరపు చుట్టమని చెప్పవలసినది. సినిమా ప్రస్తావన తేవద్దు. అమ్మానాన్నా పోయిన తరువాత నన్ను పెంచి చదివించిన మనిషికి వ్రాశాను ఇది. అందులో ఒక్క వ్యాకరణ దోషం లేదు. వచ్చింది. నాలుగవ వరుసలో కూర్చున్నది. భోజనం చేసి వెళ్ళిపోయింది. రెండేళ్ళ తరువాతగాని సొంత అక్క అని భార్యకు చెప్పలేదు.

భార్య ఆశ్చర్యపోతుందనుకున్నాను. ప్రూఫులు సర్దుతూ, నాకు ఆ రోజే తెలుసు అన్నది. నాలుగో వరుసలో అచ్చం మీ ముక్కే కూర్చుని ఉంది, మా నాన్న కూడా చూశాడు, అక్కను అలా మూల కూర్చోబెట్టినవాడు పిల్లను ఎలా చూస్తాడో అన్నాడు, మా అమ్మ ఊరుకోమంది అన్నది.

అందరికీ తెలుసు. అందరూ ఊరుకున్నారు. ఆ ఉత్తరం వలన ఎవరికీ ఏ ప్రయోజనమూ కలగలేదు. అక్కకు కలిగిన నష్టం ఒక్కటే మిగిలింది.

జూన్ 14, శనివారం

మళ్ళీ ఎడమ మైకావిడ దగ్గరకు వెళ్ళాను. ఈసారి ఎవరి గొంతు పట్టుకొచ్చావు నాయనా అన్నది. చేతులు జోడించాను. బడి ఇన్స్పెక్టరు ముందు కూడా జోడించని చేతులు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కచోట, పొరపాటునైనా, ఒక్క అక్షరమైనా విడిగా వినిపించలేదా అని అడిగాను. లేదు అన్నది. ఆరేసిన చీర కుచ్చెళ్ళు సరిచేసింది. నేను కదలలేదు. ఒకచోట ఉంది అన్నది, నా వైపు చూడకుండా.

అప్పట్లో విడివిడిగా రికార్డు చేయడం లేదట. యాభై వాద్యాలు, గాయకుడు, గాయని, కోరస్, అందరూ ఒక్కసారే. ఎవరు తప్పినా మళ్ళీ మొదటి నుంచి. ఆ రోజు పదకొండు టేకులు పోయాయి. వయొలిన్ తీగ ఒకసారి తెగింది. గాయకుడు రెండుసార్లు మాట మింగాడు. పన్నెండవ టేకు. చివరి చరణం తరువాత కోరస్ ఆలాపన ఉన్నది. కండక్టర్ చేయి ఎత్తి పిడికిలి బిగిస్తాడు, బిగించగానే అందరూ టక్కున ఆగాలి, ఒక తాళపు దెబ్బ మేర నిశ్శబ్దం, తరువాత ఫ్లూటు. పిడికిలి బిగిసింది. అందరూ ఆగారు. అక్క చేతి వైపు చూడలేదు. తల దించుకుని ఉన్నది. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు అరశ్వాస మేర మిగిలిపోయింది.

గాయకుడికి విమానం టైమయింది. అదే ఓకే చేశారు. సంగీత దర్శకుడు ఏమీ అనలేదట. నాలుగు నెలలు అక్కను పిలవలేదు, అంతే.

ఆ పాట రేడియోలో వస్తే మీ అక్క లేచి బయటకు పోయేది, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకుంది, నువ్వు అచ్చేశావంటే నా పాపం నీకు తగులుతుంది అన్నది. వేయనని మాట ఇచ్చాను. పాట పేరు చెప్పింది.

ఎందుకు చూడలేదు అని అడగడం మరచిపోయాను. అడగవలసిన ఒక్క ప్రశ్న అదే.

జూన్ 15, ఆదివారం

ఫోనులో ఆ పాట ఉన్నది. చివరి చరణం. ఆలాపన. నిశ్శబ్దం. ఫ్లూటు.

నిశ్శబ్దంలో ఏమీ లేదు. బ్లేడుతో కోసినట్లు శుభ్రంగా ఉన్నది. పదిహేనుసార్లు పెట్టాను. భార్య వచ్చి చూసింది. పాత పాటలను కంపెనీవాళ్ళు కంప్యూటర్లో శుభ్రం చేసి పెడుతున్నారట. గీతలు, దగ్గులు, ఖంగుమనడాలు అన్నీ తీసేస్తారట. అక్కను తీసేశారు.

తప్పు దిద్దారు. నేనైనా దిద్దేవాణ్ణే.

జూన్ 16, సోమవారం

బజారు సందులో, గొడుగులు బాగుచేసే దుకాణం పైన, పాత రికార్డులు అమ్మే ఆసామి ఉన్నాడు. కోశం పని మీద ఒకటి రెండుసార్లు చూసినవాడే. పాట పేరు చెప్పాను. రెండో వైపు మూడో పాట అండి అని చూడకుండానే అని, నిచ్చెన ఎక్కి, అరగంట వెతికి తీసుకువచ్చాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, ముల్లు దించాడు. కూర్చోమన్నాడు. నిలబడే విన్నాను.

ఆలాపన. అందరూ ఆగారు. ఒక గొంతు ఆగలేదు.

అది పాట కాదు. అక్షరమూ కాదు. నేను బడికి బయలుదేరుతుంటే అక్క గుమ్మంలో నిలబడి, ఒరే అని పిలిచి, ఏదో చెప్పబోయి, వద్దులే వెళ్ళు అనేది. చెప్పబోయి మానుకునేచోట ఒక గొంతు ఉండేది. అదే ఇది. ఎవరి సాక్ష్యమూ అక్కరలేదు. మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియని గొంతు.

ఆసామి నా ముఖం చూసి పొరపడ్డాడు. అది గీత కాదండి, పాటలోనే ఉంది, నేనూ గీతే అనుకుని ఓసారి సబ్బు పెట్టి కడిగాను, పోలేదు అన్నాడు. పాటను నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు.

దారిలో నడుస్తూ విన్నాను. ఒకచోట రోడ్డు మధ్యలో ఆగిపోయానట. ఆటోవాడు, ఏం పెద్దాయనా ఇంట్లో చెప్పొచ్చావా అని అరిచాడు. అది కూడా తీయగానే వినిపించింది. ఆధారం దొరికింది. మాట ఇచ్చిన సంగతి తరువాత ఆలోచించవచ్చు.

జూన్ 17, మంగళవారం

ఎందుకు చూడలేదు అని ఎడమ మైకావిడను అడిగాను.

ఆమె ఏదీ మరచిపోలేదు. ఆ రోజు ఉదయం గది నుంచి బయలుదేరుతుండగా అక్క చేతికి ఉత్తరం అందిందట. విప్పకుండా స్టూడియోకు తెచ్చిందట. పదకొండవ టేకు తరువాత టీ ఇచ్చారు. వరండాలో నిలబడి, మా తమ్ముడు రాశాడే, పెళ్ళి కుదిరింది కదా, శుభలేఖ కంటే ముందు నాకే రాశాడు చూడు అని అందరికీ చూపి, జడలో పిన్ను తీసి అంచులు జాగ్రత్తగా కోసిందట. చదివింది. మడిచింది. టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టింది. ఏమని రాశాడే అని వీళ్ళు అడిగితే, రమ్మన్నాడు అన్నదట. అంతలో పిలిచారు.

చెప్పడం ఆపి, మీ అక్కకు తమ్ముళ్ళు ఎంతమంది అన్నది.

నేనొక్కణ్ణే అన్నాను.

కూతురు వచ్చి ఆరిన బట్టలు తీసుకుని వెళ్ళింది. అప్పుడు ఆవిడ అడిగింది, ఏం రాశావు నాయనా అందులో, అని. ఆ ఉత్తరం నాకు కంఠస్థం. చెప్పలేకపోయాను.

జూన్ 18, బుధవారం

ఆ ఉత్తరానికి మూడు చిత్తుప్రతులు వ్రాశాను. మొదటి ప్రతిలో 'దూరపు చుట్టము' అన్న మాట లేదు.

జూన్ 19, గురువారం

రేపు మధ్యాహ్నం గడువు. ఉదయం నుంచి వ్రాసి చింపుతున్నాను. అక్క పేరు ఉండాలంటే ఆధారం చూపాలి. ఆధారం ఆమె చేసిన ఒకే ఒక్క తప్పు. ఇరవై నాలుగేళ్ళ పనితనాన్ని ప్రక్కన పెట్టి, సిగ్గుపడి దాచుకున్న ఒక క్షణాన్ని అచ్చువేసి, ఇదిగో మా అక్క అనాలి. వేయకపోతే ఆమె లేదు. రెండు విధాలా అన్యాయం చేసేది నేనే. మొదట చేసిందీ నేనే.

మూడు గంటలకు ఎడమ మైకావిడ మెట్లు ఎక్కాను. కూర్చోకుండా, ఆ ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాను. తరగతిలో పద్యం అప్పజెప్పినట్లు చెప్పాను. వేరే విధంగా నాకు చేతకాదు. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. రమ్మన్నాడు అని చెప్పింది పిచ్చిది, అబద్ధం కూడా చెప్పలేదు అన్నది.

నేను వ్రాసినది చదివాను. కళ్ళు మూసుకుని విని, పాట పేరు కొట్టెయ్ అన్నది. కొట్టేస్తే ఆధారం ఉండదు అన్నాను. ఉండకపోతే ఏం, నీ చదువు కోసం దాన్ని మళ్ళీ నలుగురిలో నిలబెడతావా, కావలసినవాళ్ళు వెతుక్కుంటారు, వెతకనివాళ్ళకు ఎందుకు అన్నది. నా చేతిలోని కలం తీసుకుని తానే కొట్టివేసింది. గీత వంకరగా పోయి క్రింది పంక్తికి కూడా తగిలింది.

ఒట్టు సంగతి ఏమిటని అడిగాను. నా పాపం నేను పడతాలే, నీది నువ్వు చూసుకో అన్నది.

జూన్ 20, శుక్రవారం. పగలు పన్నెండు గంటలు

ఏడవ నియమాన్ని పీఠిక నుంచి తొలగించాను. ఎనిమిదవది ఏడవది అయింది. నలభై మూడు మందికి ఉత్తరాలు వ్రాయాలి. ఫైలులోని చిరునామాల్లో ఎంతమంది బ్రతికి ఉన్నారో తెలియదు. ఈ ముద్రణకు వారి వివరాలు అందవు. మరొక ముద్రణ నా చేతుల మీదుగా వస్తుందని చెప్పలేను.

అక్క పేరు క్రింద ఇలా వ్రాసి పంపాను:

బృంద గాయని. ఇరవై నాలుగేళ్ళలో రెండు వందల పధ్నాలుగు పాటలు. పేరు ఎక్కడా అచ్చు కాలేదు. గొంతు విడిగా వినిపించదు. అది ఆమె పనితనం. ఒక్క పాటలో మాత్రం అరశ్వాస మేర వినిపిస్తుంది; అందుకు కారకుడు ఈ కోశకర్త, ఆమె సొంత తమ్ముడు. ఆ పాట ఏదో ఇక్కడ చెప్పడం లేదు. తెలుసుకోదలచినవారు అన్నీ వినాలి.

ప్రచురణకర్త ఫోను చేశాడు. ఈసారి నవ్వలేదు. సార్, ఆధారం అన్నచోట ఏం వేయమంటారు అన్నాడు. ఖాళీగా ఉంచమన్నాను. కోశం మొత్తంలో ఇదొక్కటే ఖాళీ సార్, చూసేవాళ్ళకు తప్పులా కనపడుతుంది అన్నాడు. కనపడనీ అన్నాను.

జూన్ 21, శనివారం. ఉదయం ఆరు గంటలు

ఆ పాట పెట్టి, జీవితంలో మొదటిసారి, గొంతు కలిపాను. అందరూ ఆగారు. అక్క ఆగింది. నేను ఆగలేదు.